చెల్సీయా, చుక్కాయా?

రండి, కుర్చీ ఇలా కుంపటి దగ్గరికి లాక్కోండి. టీ వస్తోంది. ఈలోపు ఒక విషయం మాట్లాడుకుందాం. సరిగ్గా ఈ రోజుల్లోనే మాట్లాడుకోవలసిన విషయం అది. జనవరిలో ఇంగ్లండ్‌కో ఐర్లండ్‌కో చదువులకు బయల్దేరే పిల్లలు మీ ఇంట్లో కాకపోతే పక్కింట్లోనైనా ఒకరు ఉండే ఉంటారు. ఆవకాయ సీసా కారకుండా ఎలా చుట్టాలో చెప్పేవాళ్లు పదిమంది ఉంటారు. నెలల తరబడి తడిలో, చలిలో తిరగబోయే ఆ కాళ్లకు ఏం వెయ్యాలో చెప్పేవాళ్లు మాత్రం కనబడరు. ప్రయాణం వారం ఉందనగా మాల్‌కి వెళ్తారు, అద్దంలో చూసుకుంటారు, నిగనిగలాడే జత ఒకటి తెచ్చుకుంటారు. అక్కడ దిగాక మడమ ఒరుసుకుపోయి, పదినిమిషాల నడకకు కూడా బస్సు కోసం చూస్తారు. నాకిది చిన్న విషయంలా అనిపించదు. కొత్త ఊళ్లో మనిషికి ముందు స్నేహం చెయ్యవలసినవి ఆ వీధులే కదా, వాటిని నడిచి చూడలేకపోతే ఎలా?

మనం దేన్నయినా బూటనే అంటాం గానీ, నేను చెప్పబోయేవి చీలమండను కప్పే తోలు బూట్లు. మగవాళ్ల దుకాణంలో ఇవి ముఖ్యంగా రెండు రకాలు కనిపిస్తాయి. ఒకదానికి తాడు ఉండదు. రెండు పక్కలా సాగే పట్టీ, వెనక చిన్న తోలు చెవి. ఆ చెవి పట్టుకుని లాగితే కాలు లోపలికి దిగిపోతుంది. ఇది చెల్సీ బూటు. రెండో దానికి ముందు భాగంలో రెండో మూడో జతల రంధ్రాలు, వాటిలో పొట్టి తాడు, మెత్తని నాలుక. దీన్ని చుక్కా బూటు అంటారు. చుక్కాల్లోనే నూగుతోలు (స్వేడ్) పైన, ముడి రబ్బరు అడుగు కింద ఉన్నదానికి డెజర్ట్ బూటని పేరు. ఏది కొనాలి?

చాలామంది దీన్ని అందం తగువుగా చూస్తారు. నేనైతే రబ్బరుతో మొదలుపెడతాను, ఎందుకంటే ఈ రెండింటి కథా రబ్బరు కథే.

చెల్సీ వయసు చూసుకుంటే విక్టోరియా మహారాణి కాలం నాటిది. లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో జె. స్పార్క్స్ హాల్ అనే చెప్పుల తయారీదారు ఉండేవాడు, రాణిగారికి ఆస్థాన బూట్లవాడు. తాళ్లు తెగిపోవడం, బొత్తాలు ఊడిపోవడం, వంగి కట్టుకోవడం, ఈ తంటాలేవీ లేని బూటు కావాలని ఆయన పట్టుబట్టాడు. పక్కల్లో సాగే గుడ్డ వెయ్యాలన్నది ఆలోచన. ఆలోచన ఉంది గానీ సరుకు లేదు. అప్పటి రబ్బరు ఎండకు జిగురయ్యేది, చలికి బిగుసుకుని పగిలేది. అదే సమయంలో అమెరికాలో చార్లెస్ గుడ్‌యియర్ రబ్బరుకు గంధకం కలిపి వేడి చేస్తే ఆ రెండు జబ్బులూ పోతాయని 1839లో కనిపెట్టి, 1844లో పేటెంట్ తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లో థామస్ హాన్‌కాక్ కూడా ఆ దారిలోనే వచ్చాడు. ఆ ఉడికిన రబ్బరు దొరికాకే ఈ బూటు నిలబడింది. రాణిగారు వీటితోనే రోజూ నడుస్తారని స్పార్క్స్ హాల్ తన పుస్తకంలో గర్వంగా రాసుకున్నాడు. గర్వపడవలసిన పనే చేశాడు.

చెల్సీ అన్న పేరు మాత్రం ఆ తర్వాత నూరేళ్లకు గానీ రాలేదు. 1950లలో, 60లలో లండన్ చెల్సీ పేటలో కింగ్స్ రోడ్ మీద తిరిగే కళాకారులు, సినిమావాళ్లు వీటిని తొడిగారు, పేటపేరు బూటుకు అంటుకుంది. బీటిల్స్ కుర్రాళ్లు అనెల్లో అండ్ డేవిడ్ అనే నాటకాల బూట్ల దుకాణంలో ఎత్తు మడమతో చేయించుకున్నాక ప్రపంచమంతా తెలిసిపోయింది. ఆస్ట్రేలియావాళ్లు దీన్ని గుర్రాల దగ్గరికీ పశువుల దగ్గరికీ తీసుకెళ్లారు. 1932లో అడిలైడ్‌లో మొదలైన ఆర్. ఎం. విలియమ్స్ బూటు పైభాగమంతా ఒకే తోలు ముక్కతో, వెనక ఒక్క కుట్టుతో చేస్తారు. చేతిలోకి తీసుకుని చూస్తే ఆ పనితనానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

ఇక డెజర్ట్ బూటు. ఇంగ్లండ్‌లో సోమర్‌సెట్ జిల్లా, స్ట్రీట్ అనే ఊరు. 1825లో మొదలైన క్లార్క్ కుటుంబపు చెప్పుల కంపెనీ అక్కడిది. ఆ ఇంటి కుర్రాడు నేథన్ క్లార్క్ 1941లో సైన్యంలో అధికారిగా బర్మా వెళ్లాడు. అక్కడ, ఈజిప్టు ఎడారిలో పోరాడిన బ్రిటిష్ ఎనిమిదో సైన్యం నుంచి వచ్చిన అధికారుల కాళ్లకు వింత బూట్లు చూశాడు. కైరో బజారులో కుట్టించుకున్నవి, మెత్తని నూగుతోలు, కింద ముడి రబ్బరు పలక. ఇసుకలో నడవడానికి తేలిక. చెప్పులు చేసే ఇంట్లో పుట్టినవాడి కన్ను కదా, పట్టేసింది. ఇంటికి వచ్చి చెబితే కంపెనీ పెద్దలు అమ్ముడుపోదన్నారు. ఆయన వదల్లేదు. 1949లో షికాగో చెప్పుల ప్రదర్శనలో పెట్టాడు. అమెరికావాళ్లు ఎగబడ్డాక గానీ ఇంటివాళ్లకు నమ్మకం కుదరలేదు. అన్నట్టు, ఆ రోజుల బర్మాలో, రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల నుంచి పనికి వెళ్లినవాళ్లు వేలమంది ఉండేవారు. ఈ బూటు ఆలోచన పుట్టిన చోటు మనకు మరీ పరాయిది కాదు.

ఇందులో గమనించవలసింది ఒకటుంది. చెల్సీ ఉడికిన రబ్బరు మీద బతుకుతుంది. డెజర్ట్ బూటు ఉడకని రబ్బరు మీద బతుకుతుంది. ఆ లేతపసుపు అడుగును క్రేప్ అంటారు, రబ్బరు చెట్టు పాలను గట్టిపరిచి రోలర్ల మధ్య నలిపి చేసిన పలకలు. అది నడకకు ఇచ్చే మెత్తదనం ఇంకే అడుగూ ఇవ్వదు. కానీ గుడ్‌యియర్ ఏ జబ్బులను పోగొట్టాడో అవి దానిలో ఇంకా మిగిలే ఉన్నాయి. మే నెల విజయవాడ రోడ్డు మీద అది మెత్తబడి దుమ్మూ ధూళీ పీల్చుకుని నల్లగా అవుతుంది. తడిసిన నున్నటి రాతిమీద జారుతుంది, లండన్ పేవ్‌మెంట్లు ఏడాదిలో చాలా రోజులు అలాగే ఉంటాయి. కాబట్టి చుక్కా నచ్చినవాళ్లు క్రేప్ అడుగుకే కట్టుబడనక్కర్లేదు. మామూలు గట్టి రబ్బరు అడుగుతో వచ్చే చుక్కాలు బోలెడు. పొడి నేల మీద షికార్లకు క్రేప్ హాయి. వానకు వద్దు.

సరే, ఇప్పుడు అసలు సంగతి. మీ కాలు.

మీగాలు తెలుసు కదా, వేళ్లకూ చీలమండకూ నడుమ పాదం పైభాగం. కొందరికి అది పల్లంగా ఉంటుంది, కొందరికి ఎత్తుగా లేచి ఉంటుంది. దుకాణంలో కాలి పొడవు కొలుస్తారు, శ్రద్ధ ఉన్నవాళ్లయితే వెడల్పు కొలుస్తారు. మీగాలు ఎత్తును ఎవరూ కొలవరు. బూటు మనతో కలుస్తుందా లేదా అన్నది తేల్చేది అదే. చెల్సీలో కాలిని పట్టి ఉంచేది పక్కనున్న సాగే పట్టీ అని అందరూ అనుకుంటారు. పట్టీ పని కాలు లోపలికి దిగేటప్పుడు దారి ఇవ్వడం, చీలమండ దగ్గర ఆనుకుని ఉండటం, అంతే. నడుస్తున్నప్పుడు పాదాన్ని వెనక్కి, మడమ గూట్లోకి అదిమి పెట్టేది మీగాలి మీది తోలు. ఆ తోలును బిగించడానికి తాడు లేదు, వదులు చెయ్యడానికీ లేదు. కాబట్టి చెల్సీ తయారుచేసిన అచ్చు మీ మీగాలి ఎత్తుకు సరిపోవాలి. సరిపోతే దానంత సుఖం లేదు. సరిపోకపోతే ఎన్నాళ్లు తొడిగినా అది మీది కాదు.

"తొడగ్గా తొడగ్గా సాగుతుంది" అని దుకాణంవాళ్లు చెబుతారు. సగం నిజం. తోలు వెడల్పులో కొంత సర్దుకుంటుంది, పొడవులో సర్దుకోదు. వేలి కొన ముందుకు తగులుతుంటే ఆ జత అక్కడే వదిలెయ్యండి. మడమ కొద్దిగా లేవడం గురించి మాత్రం కంగారుపడకండి. కొత్త బూటు అడుగు బిరుసుగా ఉంటుంది, పాదంతోపాటు వంగదు, అందుకే మడమ కాస్త లేస్తుంది. అడుగు వంగడం నేర్చాక అది తగ్గుతుంది. కానీ అడుగు అడుగుకీ చప్పుడయ్యేంతగా లేస్తే అది నేర్చుకునేది కాదు.

పట్టీని కూడా ఒకసారి చూడండి. తొడుక్కుని నిలబడినప్పుడు అది పైన విచ్చుకుని విసనకర్రలా సాగిపోయి ఉంటే మీగాలో చీలమండో దానికి ఎక్కువైనట్టు. అలా ఎప్పుడూ సాగి ఉన్న పట్టీ తొందరగా అలిసిపోతుంది. ముడతలు పడి చీలమండకూ పట్టీకీ మధ్య సందు కనిపిస్తే వదులైనట్టు. చుక్కాకూ ఇలాంటి పరీక్షే ఉంది. తాడు బిగించాక రెండు రెక్కలూ ఒకదానికొకటి ఆనుకుంటే ఆ బూటులో చోటు ఎక్కువ. రేపు తోలు సర్దుకున్నాక ఇంకా బిగిద్దామంటే ఉండదు. కొత్తలో రెక్కల మధ్య వేలెడు సందు ఉండటం మంచిది.

మనలో చాలామంది చిన్నప్పటి నుంచి చెప్పులతోనో ఉత్తికాళ్లతోనో తిరిగినవాళ్లం. వేళ్లు విచ్చుకుని, ముందుపాదం వెడల్పుగా ఉంటుంది. అది లోపం కాదు, పాదం ఉండవలసిన తీరే అది. ఇంగ్లిషు చెల్సీలు ఎక్కువగా సన్నని ముక్కుతో, ఇరుకు అచ్చు మీద వస్తాయి. అందుకని వెడల్పు కాలువాళ్లు ఒక సైజు పెద్దది కొనేస్తారు. ఇక్కడే దెబ్బతింటారు. బ్రిటిష్ కొలతలో ఒక సైజుకూ మరో సైజుకూ తేడా అంగుళంలో మూడోవంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. వెడల్పు కోసం అంత పొడవు కొనుక్కుంటే బూటు వంగేచోటు పాదం వంగేచోటుకు ముందుకు జరిగిపోతుంది, మడమ గూడు వదులవుతుంది. అదే సైజులో వెడల్పు రకం ఉందా అని అడగండి. లేకపోతే చుక్కా వైపు తిరగండి. తాడున్న బూటు ఎడంకాలికి ఒకలా, కుడికాలికి ఇంకోలా సర్దుకుంటుంది. మనుషుల పాదాలు రెండూ ఒకే కొలతలో ఉండటం అరుదు.

ఇంకొక మాట, పెద్దవాళ్ల కోసం. సాయంత్రానికి కాళ్లు వాచేవాళ్లు, షుగరున్నవాళ్లు తాడున్న దాన్నే ఎంచుకోండి. పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు ఇరుకు బూటు ఒరుసుకున్న సంగతి కూడా తెలియదు. మీ నాన్నగారికి కొంటున్నారా? డాక్టరుగారిని ఒక మాట అడిగి కొనండి.

తోలు గురించి చెప్పకుండా ఎలా పోనిస్తాను! బతుకమ్మలో పేర్చే తంగేడు, తెలంగాణ రాష్ట్ర పుష్పం, ఆ చెట్టు బెరడు తోలుకు ప్రాణం పోసేదని ఈ తరానికి తెలియకపోవచ్చు. పచ్చి చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క వేసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టి, కరక్కాయతో ముగించేవారు. మన పల్లెల్లో మాదిగ కుటుంబాలు తరతరాలుగా చేసిన రసాయన శాస్త్రం అది, దానికి దక్కవలసిన గౌరవం దక్కలేదు. దక్షిణాదిన అలా పదును చేసిన తోళ్లు మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి లండన్ చేరేవి, ఆ దేశపు చెప్పుల పనిలో కలిసిపోయేవి. ఇప్పుడు బూటు పైతోలు చాలావరకు క్రోమియం లవణాలతో పదును చేసిందే. త్వరగా అవుతుంది, మెత్తగా ఉంటుంది, తడికి ఓర్చుకుంటుంది. తోలు విజ్ఞానం అంటే మనం తలుచుకోవలసిన మనిషి తెనాలి దగ్గర యలవర్రులో 1922లో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థకు సారథ్యం వహించి, ప్రయోగశాలను తీసుకెళ్లి తోళ్లు పదును చేసేవాళ్ల ముంగిట్లో పెట్టాలని తపించినవారు. 1985లో కనిష్క విమానం పేలుడులో ఆయన్ను పోగొట్టుకున్నాం. ఇవాళ ఆంబూరులో, రాణిపేటలో తయారై ఐరోపా దుకాణాల్లో కూర్చుంటున్న బూట్ల వెనక ఆ తరం శ్రమ ఉంది. అందుకే మన దేశపు బూటును చేతిలోకి తీసుకున్నప్పుడు తక్కువ చూపు చూడకండి.

నున్నతోలా, నూగుతోలా అంటారా? చెల్సీకి నున్నతోలు, చుక్కాకు నూగుతోలు అందం. నూగుతోలుకు మరక భయం ఎక్కువ, కానీ గీతలు కనబడవు. చిన్న బ్రష్షు ఉంటే చాలు. నున్నతోలు పాలిష్ అడుగుతుంది, బదులుగా ఏళ్లు గడిచేకొద్దీ మెరుగవుతుంది.

అడుగు ఎలా అతికారన్నది మాత్రం తప్పకుండా చూడండి. పైతోలునూ లోపలి అట్టనూ ఒక సన్నని తోలు పట్టీకి కుట్టి, అడుగును విడిగా ఆ పట్టీకి కుట్టే పద్ధతి ఒకటుంది, గుడ్‌యియర్ వెల్ట్. అడుగు అరిగితే ఆ ఒక్క కుట్టు విప్పి కొత్తది వేసుకోవచ్చు. ఈ గుడ్‌యియర్ ఎవరనుకున్నారు? రబ్బరు గుడ్‌యియర్ గారి కొడుకు, చార్లెస్ గుడ్‌యియర్ జూనియర్. 1870 ప్రాంతంలో ఆ కుట్టు యంత్రానికి రూపం తెచ్చాడు. మంచి చెల్సీ బూటులో తండ్రి పక్కల్లో ఉన్నాడు, కొడుకు అడుగున ఉన్నాడు. తండ్రి అప్పులతోనే 1860లో పోయాడు, తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. డెజర్ట్ బూటుది వేరే కుట్టు, పైతోలు అంచును లోపలికి కాక బయటికి మడిచి నేరుగా కిందికి కుట్టేస్తారు. తేలిగ్గా, వంగేట్టు ఉంటుంది. ఈ రెండూ కాక జిగురుతో అతికించిన పాలీయురేథేన్ అడుగులున్నాయి. తేమ ఉన్న ఊళ్లలో, విశాఖలోనో కాకినాడలోనో, వాడకుండా రెండు మూడేళ్లు బీరువాలో ఉంచితే అవి పొడిపొడిగా రాలిపోతాయి. వాటికి డబ్బు పెట్టే ముందు ఆలోచించండి.

బాగుచేయించే విషయంలో తాడుదే పైచేయి. తాడు తెగితే ఏ కొట్లోనైనా దొరుకుతుంది. చెల్సీ పట్టీ సాగిపోతే పక్క కుట్లన్నీ విప్పి, కొత్త పట్టీ వేసి, పాత రంధ్రాల్లోనే మళ్లీ కుట్టాలి. ఆరె పట్టడం బాగా తెలిసిన చెయ్యి కావాలి. చెయ్యగలిగినవాళ్లు మన బజార్లలో ఇంకా ఉన్నారు, అలాంటి మనిషి దొరికితే బేరం ఆడకండి.

మరి చెల్సీ ఎప్పుడు? గడపలు ఎక్కువైనప్పుడు. మనవాళ్లు ఎక్కడున్నా ఇంటి ముందు చెప్పులు విప్పుతారు. రెడింగ్‌లో ఉన్న తెలుగువారి ఇంటికి శనివారం భోజనానికి వెళ్లినా, బర్మింగ్‌హామ్ దగ్గర టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లినా ముందు బూటు విప్పాలి. చంకలో ప్రసాదం పొట్లం, చేతిలో చంటిపిల్ల ఉన్నవాడికి వంగి తాడు కట్టుకోవడం ఎంత కష్టమో! అక్కడ చెల్సీకి సాటి లేదు. రంధ్రాలూ నాలుకా లేవు కాబట్టి చినుకులు లోపలికి దూరే దారులు కూడా తక్కువ. సూటు కిందికైనా, బంద్‌గలా కిందికైనా నల్లదో ముదురు గోధుమరంగుదో చెల్సీ ఒప్పుతుంది. ప్యాంటు గీత తెగకుండా అడుగు దాకా సాగుతుంది కనుక పొట్టివాళ్లకు మరీ నప్పుతుంది. డెజర్ట్ బూటును ఇంటర్వ్యూకి వేసుకెళ్లమని నేను చెప్పను. జీన్సుకూ, కాటన్ ప్యాంటుకూ అది చక్కని తోడు.

"ఇన్ని చెప్పారు, ఒక్కటి తేల్చండి" అంటారు కదా. తేలుస్తాను. మొదటి జత కొనేవాడికి, అందులోనూ వెడల్పు పాదమో ఎత్తు మీగాలో ఉన్నవాడికి, గట్టి రబ్బరు అడుగున్న ముదురు గోధుమరంగు చుక్కా. తాడు ఉన్నన్నాళ్లు ఆ బూటు మీ కాలి మాట వింటుంది. మీగాలు మధ్యస్థంగా ఉండి, అచ్చు అచ్చంగా కుదిరి, రోజుకు నాలుగుసార్లు విప్పి తొడిగే జీవితమైతే చెల్సీ. కుదరని చెల్సీని అందం కోసం మాత్రం కొనకండి, ఎంత తగ్గింపు ఇచ్చినా సరే.

దుకాణానికి సాయంత్రం వెళ్లండి, అప్పటికి పాదం రోజులోకెల్లా పెద్దదై ఉంటుంది. అక్కడ చలిలో వెయ్యబోయే మందపు ఉన్ని సాక్సు వెంట తీసుకెళ్లండి. రెండు కాళ్లకూ తొడగండి, పెద్దకాలికి సరిపోయిందే మీ సైజు. తివాచీ మీద కాదు, గచ్చు మీద నడవండి, మెట్లుంటే ఎక్కి దిగండి, దిగేటప్పుడే వేళ్ల సంగతి తెలుస్తుంది. విమానం ఎక్కడానికి కనీసం మూడు వారాల ముందు కొని ఇంట్లో రోజూ గంటసేపు తొడగండి. తడిసిన రోజున హీటరు పక్కన పెట్టకండి, తోలు బిరుసెక్కి పగులుతుంది. లోపల పాత పేపరు కుక్కి గాలికి వదిలెయ్యండి. మంచు పడే ఊళ్లలో రోడ్ల మీద చల్లే ఉప్పు తోలు మీద తెల్లటి చారలు కడుతుంది, కాస్త వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిస్తే పోతుంది. వీలైతే ఒక రోజు తొడిగిన జతకు మర్నాడు సెలవివ్వండి.